ఆకులు రాలే కాలంలో మీ కుక్కతో, పిల్లితో హాయిగా తిరగండి: ఏం చూడాలి, ఎక్కడ చూడాలి

నమస్కారం అండీ. ఇదిగో, నా పక్కన కూర్చున్నది మా కుక్క చిట్టి. దీనికి ఆరేళ్లు. ఈరోజు నేను చూపించేదంతా దీని మీదే చూపిస్తాను.

ఎండలు తగ్గాయి, గాలి చల్లబడింది, చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. వేసవిలో పది నిమిషాలకే నాలుక చాపేసి నీడ వెతుక్కున్న చిట్టి, ఇప్పుడు గంట నడిచినా ఇంటికి రానంటుంది. రాలిన ఆకుల కుప్ప కనిపిస్తే మెడ దాకా దూరిపోతుంది. మీ కుక్క అలా చేస్తే దయచేసి లాగేయకండి. వాసన చూడటం దానికి పెద్ద సంతోషం. కాకపోతే ఆ కుప్పలో ఏముందో దానికంటే ముందు మనం చూడాలి.

ఎలా చూడాలంటే, బెల్టు పొట్టిగా పట్టుకుని, కుప్పని ఒక కర్రతో రెండు మూడు చోట్ల కదిలించండి. ఆకుల కింద పాములు దాక్కుంటాయి, గాజు ముక్కలు ఉంటాయి. పైన పొడిగా కనిపించినా లోపల తడిసి, బూజు పట్టి, కుళ్లు వాసన వస్తుంటే ఆ కుప్ప వదిలేయండి. పొడి ఆకులైతే గలగలమని శబ్దం వస్తుంది. అలాంటి చోట దానికిష్టమైన బిస్కెట్ ఒకటి ఆకుల్లోకి విసిరి, వెతుక్కోమని వదలండి. చిట్టి అయితే పావుగంట అదే పనిలో ఉంటుంది. ఇంటికొచ్చాక హాయిగా నిద్రపోతుంది.

ఇక వాన పడిన మర్నాడు పుట్టగొడుగులు మొలుస్తాయి. ఏది మంచిదో ఏది విషమో చూసి చెప్పడం బాగా తెలిసినవాళ్లకే కష్టం. మనం ప్రయత్నించొద్దు, దేన్నీ తిననివ్వొద్దు. డెత్ క్యాప్ అనే రకం తింటే 6 నుంచి 12 గంటల దాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గినట్టు అనిపించినా లోపల లివర్ దెబ్బతింటూనే ఉంటుంది. అందుకే 'తిన్నది కానీ బాగానే ఉందిగా' అని ఇంట్లో కూర్చోకండి.

రాలిన పళ్లు కూడా అంతే. కింద పడి పులిసిపోతే వాటిలో ఆల్కహాల్ తయారవుతుంది. కందిరీగలు మూగుతాయి. పెద్ద టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. ఓక్ చెట్టు కాయలు ఎక్కువగా తింటే అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు కడుపుని పాడు చేస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో చామంతి కుండీ పైన అందకుండా పెట్టండి. ఆకులు నమిలితే చొంగ కార్చి వాంతి చేసుకుంటుంది.

ఇప్పుడు అసలైన పని. రా చిట్టీ, ఇలా పడుకో. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను.

చలి వచ్చింది కదా, గోమార్లు (చర్మానికి పట్టుకుని రక్తం తాగే టిక్స్) పోతాయిలే అని చాలామంది అనుకుంటారు. పోవండి. కొన్ని రకాలు ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటితే చాలు, తిరుగుతూనే ఉంటాయి. పైగా రాలిన ఆకులంటే వాటికి మంచి చోటు. కాబట్టి టిక్స్ మందు వేసవితో ఆపేయకుండా, ఎప్పటిదాకా వాడాలో మీ డాక్టర్‌ని అడగండి. ఒక్క హెచ్చరిక: కుక్కల మందు పిల్లికి ఎప్పుడూ వేయకండి. కుక్కల మందుల్లో కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ అనే రసాయనం పిల్లి ప్రాణం తీస్తుంది.

చూడండి, ముందు మెడ పట్టీ తీసేస్తున్నాను. గోమారి పట్టీ కింద దాక్కుంటే పైనుంచి కనపడదు. చెవి తిప్పి లోపలి మడత చూడండి. తర్వాత చంకలు. వేళ్లతో వెంట్రుకలకి ఎదురు దువ్వుతూ వెళ్లండి. కళ్లకంటే వేళ్లకే ముందు తెలుస్తుంది, చిన్న గింజలా తగులుతుంది. ఆ తర్వాత తొడల సందు, తోక కింద. చివరగా కాలి వేళ్ల మధ్య, ఇదిగో ఇలా ఒక్కో వేలు విడదీసి. రెండేళ్ల కిందట చిట్టి కుంటుతుంటే ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. మూడో రోజు సరిగ్గా ఇక్కడే, వేళ్ల మధ్య ఉబ్బిపోయిన గోమారి దొరికింది. మూడు రోజులు అది నొప్పి పడిందని ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి వాకింగ్ నుంచి రాగానే కాలి వేళ్లు చూడకుండా నేను ఇంకో పని ముట్టుకోను.

పొట్ట మీద చేయి పెట్టినప్పుడు జాగ్రత్త. మగ కుక్కలకి కూడా చనుమొనలుంటాయి. చీకట్లో తడిమి, గోమారి అనుకుని వాటిని లాగిన వాళ్లున్నారు. టార్చ్ వేసి చూడండి. చర్మం దగ్గర సన్నటి కాళ్లు కనిపిస్తేనే గోమారి.

దొరికితే ఏం చేయాలి? మొన సన్నగా ఉన్న ట్వీజర్ తీసుకోండి. గోమారి పొట్టని కాకుండా, చర్మానికి ఆనుకున్న తల దగ్గర పట్టుకోండి. మెల్లగా, కుదుపు లేకుండా, నిటారుగా పైకి లాగండి. తిప్పొద్దు. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం అసలు వద్దు. తర్వాత ఆ చోటు సబ్బుతో కడిగేయండి. ఆ తర్వాత కొన్ని వారాల దాకా గమనించి, జ్వరం వచ్చినా, తిండి మానేసినా డాక్టర్‌కి చూపించండి.

ఇక బండ్ల దగ్గరికి వద్దాం. చలి ముదిరే ముందు చాలామంది కారు కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, మారుస్తారు. అందులో ఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం ఉంటే తియ్యగా ఉంటుంది. కుక్క నాకుతుంది. పిల్లికి పాదాలకి అంటుకున్నది నాక్కున్నా ప్రమాదమే. మొదట తాగినట్టు తూలుతుంది. తర్వాత కాస్త కోలుకున్నట్టు కనిపిస్తుంది. అక్కడే మనం మోసపోతాం, ఎందుకంటే లోపల కిడ్నీలు పాడవుతుంటాయి. పిల్లికి దాదాపు 3 గంటల్లో, కుక్కకి 8 నుంచి 12 గంటల్లో విరుగుడు పడాలి. అందుకే ఒక్క చుక్క కారినా వెంటనే తుడిచేసి, ఆ గుడ్డ కూడా పారేయండి.

ఈ రోజుల్లోనే ఎలుకలు వెచ్చదనం కోసం ఇళ్లలోకి వస్తాయి, జనం ఎలుకల మందు పెడతారు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకమైతే రక్తస్రావం బయటపడటానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. వీలైతే మందు బదులు బోను వాడండి. మీ వీధిలో పిల్లులుంటే, పొద్దున బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద రెండు సార్లు గట్టిగా తట్టండి. ఇంజిన్ వెచ్చదనానికి లోపల పడుకుని ఉండొచ్చు.

పొద్దు త్వరగా కుంకుతుంది కాబట్టి మెడకి లైటు పట్టీ కట్టండి. బొచ్చు బాగా రాలుతుంటే టెన్షన్ పడకండి. పగలు తగ్గేకొద్దీ పాత బొచ్చు పోయి కొత్తది వస్తుంది, రోజూ దువ్వితే చాలు. మధ్యలో నున్నగా బట్టతల మచ్చలు కనిపిస్తే మాత్రం చూపించాలి.

ఏదైనా తిన్నదని అనుమానం వస్తే ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఆ ఉప్పే విషమవుతుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పండి: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, దాని బరువెంత. పుట్టగొడుగైతే మిగిలిన ముక్క కాగితంలో చుట్టుకోండి, మందైతే ప్యాకెట్ చేతిలో పట్టుకుని బయల్దేరండి. చిట్టి బరువు నేను ఫ్రిజ్ తలుపు మీద, డాక్టర్ నంబర్ పక్కనే రాసి పెట్టుకున్నాను. వీడియో ఆపేసి మీరూ ఇప్పుడే రాసుకోండి.