ఊపిరి జాడ పట్టుకుని వచ్చే దోమ

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ ఇలా సాయంత్రం పూట పార్కులో కలిస్తే, కూచున్న పది నిమిషాలకే ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు గోక్కోవడం మొదలుపెడతాం. పోయిన వానాకాలం మా చిన్నమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చూపించడానికి రోజూ రక్తపరీక్షకి తిప్పాం. ఆ టెన్షన్ ఇంకో ఇంటికి రాకూడదనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

"నీ రక్తం తీపి, అందుకే నిన్నే కుడుతున్నాయి" అనేది మా అమ్మమ్మ. కానీ రక్తం రుచి తెలియాలంటే దోమ ముందు కుట్టాలి కదా. మనిషి ఉన్నాడని దానికి అంతకంటే చాలా ముందే తెలిసిపోతుంది. కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టాలంటే రక్తంలోని ప్రోటీన్ కావాలి దానికి. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గాలివాటున పొగలా సాగిపోతుంటే, కొన్ని పదుల మీటర్ల దూరం నుంచే ఆ జాడ పట్టి గాలికి ఎదురెగిరి వస్తుంది. కాస్త దగ్గరికి రాగానే ముదురు రంగు బట్టలు కంటబడతాయి. ఇంకా దగ్గరైతే ఒంటి వాసన, వేడి, చెమట తేమ. చర్మం మీద ఉండే కొన్ని ఆమ్లాల వాసన ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. అవి ఎక్కువున్నవాళ్ళకి దోమలూ ఎక్కువే. గర్భిణుల దగ్గరికి ఎక్కువ దోమలు వస్తాయని ఆఫ్రికాలో గాంబియాలో చేసిన పరిశీలనలో తేలింది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక రాసుకునే మందుల సంగతి. 1940లలో అమెరికా సైన్యం కోసం తయారైన డీట్ ఇప్పటికీ బాగా పనిచేసే వాటిలో ఒకటి. పికారిడిన్ కూడా మంచిదే. ఇవి దోమని చంపవు. దాని వాసన పట్టే శక్తిని తికమక పెడతాయి. ఒకవేళ చర్మం మీద వాలినా, కాళ్ళకి మందు తగలగానే లేచిపోతుంది. అందుకే మందు పూసిన చోటే రక్షణ. మోచేతి దాకా రాసుకుని వదిలేస్తే మోచేతి పైన కుడుతుంది. మన ఆడవాళ్ళు చీర అంచుకీ చెప్పుకీ మధ్య కనిపించే ఆ నాలుగు వేళ్ళ మేర మర్చిపోతారు, మగవాళ్ళు షార్ట్స్ కింద పిక్కల వెనక మర్చిపోతారు. డెంగీ దోమకి కాళ్ళంటే మహా ఇష్టం.

మందు శాతం పెరిగితే ఎక్కువసేపు పనిచేస్తుంది, అంతే. పది శాతం డీట్ సుమారు రెండు గంటలు, పాతిక శాతం దగ్గర దగ్గర అయిదు గంటలు. చెమట పడితే ఇంకా తక్కువ. సన్‌స్క్రీన్ రాసేవాళ్ళు ముందు అది రాసి, తర్వాత దోమల మందు రాయాలి. పసిపిల్లల విషయంలో డాక్టర్‌ని అడగకుండా ఏదీ రాయకండి. పెద్ద పిల్లలకైనా అరచేతులకి వద్దు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. నిమ్మగడ్డి నూనెకి వాసన ఘాటుగా ఉన్నా, త్వరగా ఆవిరైపోయి ఎక్కువసేపు నిలవదు. బయట కూచుంటే పక్కన ఫ్యాను పెట్టుకోండి. దోమ బలంగా ఎగరలేదు, పైగా గాలికి మన ఊపిరి జాడా చెదిరిపోతుంది.

ఒక్క పొరపాటు మాత్రం చాలామందిలో చూస్తున్నాను. చీకటి పడ్డాక కిటికీలు మూసి, కాయిల్ వెలిగించి నిశ్చింతగా ఉంటాం. డెంగీ దోమ పగటి దోమ. తెల్లవారాక కొన్ని గంటలు, మళ్ళీ పొద్దు వాలే ముందు కొన్ని గంటలు ఎక్కువగా కుడుతుంది. అంటే బడి బస్సు కోసం పిల్లలు నిలబడే వేళ, బడి నుంచి వచ్చి కింద ఆడుకునే వేళ. మందు రాయాల్సింది అప్పుడు.

మలేరియా దోమ గుట్టు 1897లో సికింద్రాబాద్‌లో విప్పిన రొనాల్డ్ రాస్ మనందరికీ తెలుసు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు ఆయన ఈ బెంగళూరులోనే సైనిక వైద్యుడు. తన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయేమిటా అని చూస్తే, కిటికీ దగ్గర నీళ్ళ పీపాలో పిల్లపురుగులు కనిపించాయి. పీపా ఒంపేయించాడు, దోమలు తగ్గాయి.

మన బ్లాకు వెనక పూలకుండీల కింద పెట్టిన పళ్ళేల్లో మొన్నటి వాన నీళ్ళు ఇంకా ఉన్నాయి. ఇందాక వస్తూ ఒక పళ్ళెం వంచి చూశాను, అడుగున సన్నటి దారపు ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ కిందికి దిగాయి. టార్చి తెచ్చాను. ఇప్పుడు అందరం అక్కడికే వెళ్దాం, పిల్లల్ని కూడా రమ్మనండి.