లేబర్ రూములోకి మర్యాద మన క్లాసులోంచే వెళ్తుంది

అందరికీ నమస్కారమండీ. యూనివర్సిటీలో మిడ్‌వైఫరీ కోర్సు, అంటే కాన్పులు చెయ్యడం నేర్పే చదువు, అందర్నీ కలుపుకుని ఎలా నడపాలో మాట్లాడమన్నారు. నేను మాత్రం లేబర్ రూము దగ్గర్నుంచే మొదలుపెడతా, మనం క్లాసులో ఏం చెప్పామో తేలేది అక్కడే కాబట్టి.

స్టూడెంట్‌గా నేను మొదటి కాన్పు చూసిన రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తొలిచూలు అమ్మాయి, నొప్పులకి అరుస్తుంటే సిస్టర్ ఒకావిడ "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అని తొడ మీద ఒక్కటేసింది. మేం ఆరుగురం గోడకి ఆనుకుని చూశాం, ఒక్కరూ నోరు తెరవలేదు. అదే రోజు పొద్దున క్లాసులో మేడమ్ పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో రాసుకునే చార్టు, దాని గురించి ఇంగ్లీషులో చెప్పమని నన్ను నిలబెట్టారు, నేను తెలుగు మీడియం పిల్లని, నోరు పెగల్లేదు, "నిన్నెవరు చేర్చుకున్నారే" అన్నారు అందరి ముందూ. పొద్దున నేను పడ్డ మాటే సాయంత్రం ఆ అమ్మాయి పడింది, నాకు అలాగే అర్థమైంది.

మన తెలంగాణ సంగతే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశం మొత్తం మీద అది 21.5. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ నార్మల్ అంటేనే వణికిపోయి ఆపరేషన్ అడిగేవాళ్లనీ నేను చాలామందిని చూశా, అక్క లేబర్ రూములో తిన్న తిట్లు ఇంటికొచ్చి చెల్లికి చెప్తుంది కదా మరి.

2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పుల ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టారు, 2018 డిసెంబర్లో కేంద్రం దేశమంతటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఆ ట్రైనింగ్‌లో నేర్పేది పైకి చాలా చిన్న పనుల్లాగే ఉంటాయి, తల్లిని నడవనివ్వడం, నడుం రుద్దడం, తోడుగా ఒక మనిషిని ఉంచడం, వెల్లకిలా పడుకోబెట్టకుండా ఆమెకి వీలైనట్టు కూర్చోనివ్వడం, అవసరం లేకుండా కోత పెట్టకపోవడం. ఇవి పుస్తకం చదివితే రావు. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య కూడా కోర్సులో కనీసం సగం ప్రాక్టీసే ఉండాలంటోంది. మన దగ్గరేమో స్టూడెంట్ పక్కన నిలబడి చూసిన కాన్పుని కూడా కేస్ బుక్‌లో తనే చేసినట్టు రాయించి సంతకం పెట్టేస్తాం, ఆ సంతకం పెట్టేది మనమే, అది ఆపాలి.

ఇంక్లూజివ్, అదే అందర్నీ కలుపుకోవడం, అంటే రిజర్వేషన్ సీట్లు నింపి చేతులు దులుపుకోవడం కాదు. ఉట్నూరు వైపు నుంచి గోండి మాట్లాడే పిల్ల వస్తే ఇంగ్లీషు రాదని వెనక బెంచీలో కూర్చోబెడతాం, అదే గోండి తల్లి నొప్పులతో వచ్చినప్పుడు వార్డులో ఆ పిల్ల ఒక్కత్తే పనికొస్తుంది! మా డిపార్ట్‌మెంట్‌లో వైవా తెలుగులో చెప్పినా మార్కులిస్తున్నాం, డ్రగ్ పేర్లు, డోసులు మాత్రం ఇంగ్లీషులో తప్పు లేకుండా రావాలి, అందులో రాజీ లేదు. పసిబిడ్డ ఉన్న స్టూడెంట్‌కి పాలివ్వడానికి గది ఇచ్చాం, దానికే ఏడాది పట్టింది.

ఇంకోటి, మన స్కిల్ ల్యాబ్‌లో పిల్లలు ప్రాక్టీసు చేసే పసిబిడ్డ బొమ్మలన్నీ గులాబీ రంగువే. పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి మార్కులేసే అప్గార్ స్కోరు 1953లో వచ్చింది, అందులో ఒళ్లంతా గులాబీ రంగుంటే రెండు మార్కులు, మరి మన నల్లటి బిడ్డ నీలంగా మారితే ఎక్కడ చూడాలి? నాలుక, పెదాల లోపల చూడాలని మొదటి రోజే నేర్పాలి, లేకపోతే కొన్ని నిమిషాలు పోతాయి, అంత టైమ్ ఆ బిడ్డకి ఉండదు.

మన ఊళ్లల్లో పురుళ్లు పోసిన మంత్రసానులు ఎక్కువగా ఏ కులాలవాళ్లో ఇక్కడ అందరికీ తెలుసు. బిడ్డని పట్టిన చేతుల్ని ఆ తర్వాత గడప దాటనివ్వలేదు. వాళ్ల మనవరాళ్లు ఇవాళ మన క్లాసులో ఉన్నారు, వాళ్లకి మళ్లీ అదే గడప మనం పెట్టకూడదు.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. హెడ్‌గా నేను ఒప్పుకున్నాను కాబట్టి టీచర్లందర్నీ వారానికి రెండు రోజులు లేబర్ రూములో డ్యూటీకి రమ్మంటున్నా, స్టూడెంట్ పక్కనే నిలబడి చేతిలో చెయ్యి పెట్టి నేర్పడానికి. సోమవారం నైట్ నాది. మిగతా ఖాళీలున్న రోస్టర్ ఈ బల్ల మీద పెట్టా, టీకి వెళ్లేలోపు పేర్లు రాయండి.