తోక ఊపిన ట్రైలర్

హోస్ట్: అన్నా, ముందు ఒకటి చెప్పండి. అంత తుపాను గాలిలో బండి లాక్కుంటూ బయల్దేరాల్సిన అవసరం ఏమొచ్చింది?

అతిథి: అవసరమేం లేదు తమ్ముడూ, అదే సిగ్గుచేటు. పాత జీపు కొన్నాం. దాన్ని ఎక్కించి మా పికప్ వెనక లాక్కెళ్లడానికి ట్రైలర్ ఒక్కరోజుకే దొరికింది. మూడు వందల కిలోమీటర్లే కదా, వాన పడేలోపు చేరిపోతాంలే అనుకున్నాం.

హోస్ట్: జీపు నడవదా?

అతిథి: ఇంజన్ పట్టేసింది. తాడు కట్టి లాగేద్దాం అన్నాడు మా బావ. నేను ససేమిరా అన్నాను. ఇంజన్ నడుస్తుంటే పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ ఉన్న బ్రేకులైతే, ఇంజన్ ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. పవర్ స్టీరింగ్ కూడా మొరాయిస్తుంది. తడి రోడ్డు మీద తాడు చివర అలాంటి బండిలో కూర్చోవడమంటే... వద్దులే.

హోస్ట్: ఆటోమేటిక్ కార్లను అసలు అలా లాగకూడదంటారు కదా?

అతిథి: చాలావాటిలో గేర్‌బాక్స్‌కి ఆయిల్ అందించే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపి, డ్రైవ్ చక్రాలు నేల మీద దొర్లిస్తే లోపల ఆయిల్ అందక పాడైపోతుంది. మాది మాన్యువలే అనుకో. అయినా ట్రైలర్ ఎక్కించడమే మేలనుకున్నాం. ఎక్కించడంలోనే తప్పు చేశాం.

హోస్ట్: ఏం చేశారు?

అతిథి: జీపు ముందు కొక్కెం విరిగిపోయి ఉంది, వెనకది గట్టిగా ఉంది. సరే అని వెనక నుంచి వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే చక్రంతో, లాగి ఎక్కించాం. అంటే ఇంజన్ బరువంతా ట్రైలర్ తోక మీదికి పోయింది.

హోస్ట్: అది ఎటుంటే ఏంటన్నా? మొత్తం బరువు అంతే కదా.

అతిథి: నేనూ అలాగే అనుకున్నా. జీపూ ట్రైలరూ కలిపి సుమారు 1,600 కిలోలు. మామూలుగా ఆ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను పికప్‌కి తగిలించే చోట, పడాలంటారు. అంటే 160 నుంచి 240 కిలోలు. అంత పడితే పికప్ వెనక కాస్త కుంగాలి. బరువు తోక వైపు పోవడంతో మాది కుంగలేదు. “చూశావా, ఎంత తేలిగ్గా మోస్తోందో” అని మురిసిపోయాం!

హోస్ట్: (నవ్వు) తర్వాత తెలిసొచ్చిందన్నమాట.

అతిథి: గంట దాటాక వాన అందుకుంది. రోడ్డుకు రెండు పక్కలా మట్టి గట్లున్నంత సేపూ ఏమీ తెలియలేదు. గట్లు అయిపోయి బయటికి రాగానే పక్కగాలి ఒక్కసారిగా కొట్టింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. పైగా జీపు మీద మేం టార్పాలిన్ కప్పాం, అది తెరచాపలా ఉబ్బింది. సరిగ్గా అప్పుడే ఓ పెద్ద లారీ మమ్మల్ని దాటింది. హిచ్ మీద బరువు చాలక వెనక ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది.

హోస్ట్: మీ స్పీడెంత?

అతిథి: 80. ఆ వానలో అంత స్పీడు ఏంటని అడగకు, ఇంట్లో అడిగారు చాలు. మొదట చిన్నగా ఊగింది, తర్వాత ఊపు ఊపుకీ పెరిగింది. అద్దంలో ఒకసారి కుడివైపు కనిపిస్తుంది, మరుక్షణం ఎడమవైపు. పికప్ వెనక చక్రాలు కూడా పక్కకు జరుగుతున్నట్టు సీట్లో తెలుస్తోంది. కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోయింది. బావ “తొక్కకు!” అని అరిచాడు.

హోస్ట్: బ్రేక్ వేస్తే ఏమవుతుంది?

అతిథి: ముందు బండి నెమ్మదిస్తుంది. వెనకున్న 1,600 కిలోలు అదే ఊపులో మన వీపు మీదికి తోసుకొస్తాయి. బండి అడ్డం తిరుగుతుంది. ఊపుకు ఎదురు స్టీరింగ్ తిప్పినా తంటానే, మనం తిప్పేలోపు అది అటు పోయి ఉంటుంది. క్యాబిన్ నుంచి ట్రైలర్ బ్రేకు విడిగా వేసే వీలుంటే అదొక్కటే మెల్లగా వేయాలి. మాకది లేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. 60కి దిగేసరికి అదే సద్దుమణిగింది. నా చేతుల వణుకు మాత్రం సద్దుమణగలేదు.

హోస్ట్: వెంటనే ఆపేశారా?

అతిథి: రోడ్డు పక్క వెడల్పాటి చోటు చూసి ఆపాం. పిడుగులు పడుతుంటే క్యాబిన్‌లోనే ఉండిపోయాం. రబ్బరు టైర్లు కాపాడతాయి అంటారు గానీ, నిజానికి కాపాడేది చుట్టూ ఉన్న ఇనుప బాడీ. ఉరుములు బాగా దూరమయ్యాక దిగి చూస్తే ఇంకో ముచ్చట. కట్టిన స్ట్రాప్‌లు నైలానువి. నైలాన్ తడిస్తే సాగుతుంది. వేలు పెట్టి ఊపితే జీపు కదిలింది!

హోస్ట్: అమ్మో.

అతిథి: టార్పాలిన్ పీకేశాం. వించ్‌తో జీపును హిచ్ వైపు అర మీటరు లాగాం, తోక దగ్గర పడేసిన పనిముట్ల పెట్టె, స్పేర్ టైర్లు తెచ్చి ముందు పెట్టాం. అప్పుడు పికప్ వెనక కుంగింది, చూడగానే ప్రాణం లేచొచ్చింది. స్ట్రాప్‌లు మళ్లీ బిగించాం. ఆ తర్వాత పాతిక కిలోమీటర్లకోసారి దిగి బిగిస్తూనే ఉన్నాం. 50 దాటలేదు. ఒక వంతెన మీద నీళ్లు పారుతుంటే లోతెంతో తెలియక వెనక్కి తిప్పాం. ట్రైలర్‌తో రివర్స్ చేయడం ఇంకో కథ, దానికే అరగంట పట్టింది.

హోస్ట్: చేరేసరికి?

అతిథి: తెల్లారింది. గొడుగు కూడా లేకుండా ఇద్దరం రోడ్డు మీద నిలబడి ఆ జీపును చూశాం. శుభ్రంగా కడిగినట్టు మెరిసిపోతోంది.

హోస్ట్: ఇంతకీ ఇంజన్ బాగైందా?

అతిథి: ఇంకా పట్టేసే ఉంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. నిన్న బావ ఫోన్ చేశాడు. “దగ్గరే కదా, తాడు కట్టేద్దామా?” అంటున్నాడు.