నార్బెర్గ్ ఎవరి మనిషి? పలాస జీడిపిక్కని అడుగుదాం

నమస్తే. ఇవాళ కొంచెం చిరాకుతోనే కెమెరా ఆన్ చేశాను. యోహాన్ నార్బెర్గ్ పేరెత్తితే చాలు, "ఆయనా, కంపెనీల మనిషి కదా" అని కొట్టిపడేస్తున్నారు, పుస్తకం అట్ట కూడా చూడనివాళ్లు! ఆయన స్వీడన్ రచయిత, 1973లో స్టాక్‌హోంలో పుట్టాడు. ప్రపంచీకరణ అంటే యూరప్ వీధుల్లో గొడవలు జరుగుతున్న 2001లోనే దాన్ని వెనకేసుకొస్తూ ఒక పుస్తకం రాశాడు. మిగతా బయోడేటా మీరే చూసుకోండి, మనకి పలాస చాలు.

పలాస-కాశీబుగ్గ జీడి యూనిట్ లోపలికి ఎప్పుడైనా వెళ్లారా? ఆడవాళ్లు ఒక్కో పిక్కనీ పెట్టి పెంకు చీలుస్తుంటారు, ఆ పెంకులోని జీడినూనె తగిలితే చర్మం కాలిపోతుంది. తర్వాత పప్పు ఎండబెట్టి, ఎర్రటి పొట్టు గీకి, గుండు వేరు, బద్ద వేరు. ఇంతకీ ఆ పిక్క ఎక్కడిది? పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం తోటలది అంటారు అందరూ. ఉద్దానం పంట వేసవిలో దిగుతుంది, వందల యూనిట్లకి ఏడాది పొడవునా అదెక్కడ సరిపోతుంది? అందుకే ఆఫ్రికా పిక్క ఓడెక్కి వస్తుంది, అక్టోబరు దాటాక మన చెట్టు ఇంకా పూతకి రాకముందే టాంజానియాలో, మొజాంబిక్‌లో పంట చేతికొస్తుంది మరి. అసలు జీడిచెట్టే బ్రెజిల్‌ది, పోర్చుగీసువాళ్లు తెచ్చిపెట్టారు. ‘మా పలాస జీడిపప్పు’ అని మనం మీసం తిప్పుతున్నాం, బాగానే ఉంది!

దేశాల మధ్య సరుకు అడ్డు లేకుండా తిరగాలన్నది నార్బెర్గ్ వాదన, ఇప్పుడు దాన్ని ఈ పిక్క మీద పెట్టి చూడండి. దిగుమతి ఆపేశారనుకోండి, ఉద్దానం రైతుకి ధర పెరుగుతుంది, నిజమే, కానీ యూనిట్ కొన్నాళ్లు మూతపడి పొట్టు తీసే ఆవిడకి కూలి పోతుంది. పూర్తిగా ఆపకుండా కొందరికే లైసెన్స్ ఇచ్చారనుకోండి, అసలు కథ అక్కడుంది: ఆ లైసెన్స్ ఎవరికి దక్కుతుంది? పలుకుబడి ఉన్న సేటుకే కదా. నార్బెర్గ్‌కి ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. పోటీ లేకుండా చేసుకోవాలని మొదట చూసేది వ్యాపారే అంటాడాయన. 2008లో మునిగిన బ్యాంకులని జనం డబ్బుతో పైకి లేపితే తప్పుపట్టాడు, యూరప్ తన రైతులకి సబ్సిడీలిచ్చి పేద దేశాల పంటకి తలుపులు మూస్తుంటే దాన్నీ వదల్లేదు. ఇలాంటివాణ్ని కంపెనీల మనిషి అనడం ఏటి బాబూ!

అలాగని ఆయన చెప్పిందల్లా నాకు మింగుడు పడుతుందని కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, మళ్లీ నాటినవి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. పైగా 80 కేజీల బస్తాకి ధర లేక రోడ్డెక్కిన రైతుకి "ప్రపంచంలో పేదరికం తగ్గింది తెలుసా" అంటే కడుపు నిండుతుందా? తగ్గిన మాట వాస్తవం, 1990లో ముగ్గురిలో ఒకరికి పైగా కటిక పేదరికంలో ఉంటే 2019 నాటికి దాదాపు పదిమందిలో ఒకరు. నా అభిప్రాయం ఏంటంటే, ప్రపంచం మొత్తం లెక్క చెప్పేటప్పుడు ఆయన్ని పట్టుకోలేం, ఒక ఊరి లెక్క దగ్గరికొచ్చేసరికి తొందరపడతాడు.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఆయనతో వాదించాలంటే మొజాంబిక్ పట్టుకోండి: 1990ల్లో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో అక్కడ పచ్చి పిక్క ఎగుమతి సుంకం తగ్గించారు, పిక్క మన దేశానికి వచ్చేసింది, వాళ్ల ఫ్యాక్టరీలు మూతపడి వేలమందికి పని పోయింది, రైతుకి మిగిలింది కూడా అంతంతమాత్రమే. ఆయన తరఫున వాదించాలంటే వియత్నాం ఉంది, జీడిపప్పు ఎగుమతిలో ఇప్పుడు మొదటి స్థానం వాళ్లదే, అదీ ఎక్కువగా బయటి పిక్కతోనే. 2003లో బ్రిటన్ చానల్ 4 డాక్యుమెంటరీ కోసం నార్బెర్గ్ వెళ్లిన దేశాల్లో అదొకటి. ఇక "స్వీడన్ సోషలిస్టు దేశం కదా, అలాగే బాగుపడింది" అనేవాళ్లకి ఒక మాట, 1867-69లో అక్కడ కరువొస్తే చెట్టు బెరడు కలిపిన రొట్టె తిన్నారు. ముందు మార్కెట్ తెరిచి సంపాదించారు, సంక్షేమం తర్వాత వచ్చింది అనేది ఆయన వాదన, దానికి వేరే వీడియో కావాలి.

ఆయన్ని చదవాలనుకుంటే 2016లో వచ్చిన ‘ప్రోగ్రెస్’తో మొదలుపెట్టండి, తిండి, పారిశుద్ధ్యం, ఆయుర్దాయం అంటూ చిన్న చిన్న అధ్యాయాలు, ఇంగ్లీషు కూడా భయపెట్టదు. ‘ఓపెన్’ కొంచెం లావు పుస్తకం, దాన్ని తర్వాత చూసుకోవచ్చు.