స్కార్‌బరో ఫెయిర్‌ను టిన్ విజిల్ మీద పలికించడం

వ్యాఖ్యాత: టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి కొన్నాం, ముందు ఏం నేర్చుకోవాలి అని అడిగేవారికి మీరు స్కార్‌బరో ఫెయిర్ అనే ఇంగ్లిష్ జానపద గీతం పేరే చెబుతారు. ఎందుకండీ?

అతిథి: డి విజిల్ కోసమే కట్టారా అన్నట్టుంటుంది. ఆరు రంధ్రాలూ మూస్తే డి (D) స్వరం. పాటలో అట్టడుగు స్వరం అదే. పైన రెండో స్థాయిలోని ‘ఈ’ (E) స్వరం దాకా వెళ్తుంది, అంతే. ఏ రంధ్రాన్నీ సగం మూసే పని లేదు.

వ్యాఖ్యాత: మన సరిగమల్లో చెప్పండి.

అతిథి: ‘ఈ’ (E) స్వరాన్ని షడ్జమం అనుకోండి. మొదటి పాదం: స స ప ప ప రి గ రి స. రెండోది: ప ని, పై స, ని ప ద మ ప. పాశ్చాత్యులు డోరియన్ అనే స్వరక్రమం మన ఖరహరప్రియ స్వరాలే. గమకాలు మాత్రం వద్దు!

వ్యాఖ్యాత: మనవాళ్ల వేళ్లు ఊరుకుంటాయా?

అతిథి: అందుకే ముందు నోటితో పాడమంటాను. రెండో పాదంలోని ‘ద’ చతుశ్రుతి ధైవతం, రంధ్రాలన్నీ తెరిస్తే పలుకుతుంది. దాని బదులు అర మెట్టు కిందిదైన సి నాచురల్ పట్టారో, శుద్ధ ధైవతం వచ్చి రాగం నఠభైరవి వైపు జారుతుంది. ఈ పాట అందమంతా ఆ ఒక్క స్వరంలోనే ఉందంటాను నేను.

వ్యాఖ్యాత: మరి కష్టమెక్కడ?

అతిథి: ఊపిరిలో. మూడో పాదం పై షడ్జమంలో మొదలై మంద్ర నిషాదానికి, అంటే అడుగు డి దాకా దిగుతుంది. పై ‘ఈ’కి గట్టిగా ఊదాలి. అదే ఊపుతో దిగితే చివరి డి కీచుమంటుంది. మెట్టు మెట్టుకూ గాలి తగ్గించాలి.

వ్యాఖ్యాత: ఈ వాద్యం ఐర్లండ్‌ది కదా?

అతిథి: పేరు తెచ్చింది వాళ్లే. కానీ 1843లో రేకు విజిళ్ల తయారీ మొదలుపెట్టిన రాబర్ట్ క్లార్క్ ఇంగ్లండ్‌లోని సఫోక్ మనిషి. పాటలోని స్కార్‌బరో యార్క్‌షైర్ తీరంలోని ఊరు. అక్కడ సంతకు 1253లోనే మూడో హెన్రీ అనుమతిచ్చాడు.

వ్యాఖ్యాత: విషాద గీతంలా వాయిస్తారు చాలామంది.

అతిథి: నాకు అదే నచ్చదు. కుట్టు కనబడకుండా చొక్కా కుట్టి తెమ్మని పందెం కట్టే పాట అది! కొంటెతనం ఉండాలి. మూడు దెబ్బల లయను కాలితో వేయండి, పాదం చివర మాత్రమే ఊపిరి తీసుకోండి.

వ్యాఖ్యాత: సరే, విజిల్ తీయండి. మొదటి పాదం కలిసి వాయిద్దాం.