నీటి చప్పుడులో గాలి గొంతు

శ్రోతలకు నమస్కారం.

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక, సరిగ్గా కట్టని కుళాయి నుంచి బకెట్‌లోకి ఒక్కో చుక్కా పడుతుంటుంది. టప్... టప్... నిద్ర పట్టదు, లేచి వెళ్ళి కట్టాలంటే బద్ధకం. ఆ చప్పుడు దేనిదంటే నీళ్ళదే కదా అంటాం. చుక్క వచ్చి నీటికి తగిలింది, చప్పుడైంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ చుక్క నీటిని తాకినప్పుడు మన చెవికి అందేంత చప్పుడు దాదాపు పుట్టదు.

మరి ఏం జరుగుతోంది? చుక్క పడగానే నీటిలో చిన్న గుంట ఏర్పడుతుంది. మరుక్షణం అది పూడుకుపోయి, మధ్యలోంచి నీరు సన్నని స్తంభంలా పైకి లేస్తుంది. ఇంతవరకూ నిశ్శబ్దమే. గుంట పూడేటప్పుడు దాని అడుగున రవ్వంత గాలి చిక్కుకుపోతుంది. అదే బుడగ. ఆ బుడగ కుంచించుకుంటూ, ఉబ్బుతూ సెకనుకు వేల సార్లు కంపిస్తుంది. మనం విన్న 'టప్' ఆ కంపనమే.

బుడగ సంగతి శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. నీటి లోపల పుట్టిన ఆ శబ్దం గాలిలోకి అంత స్పష్టంగా ఎలా వస్తోందన్నది మాత్రం తేలలేదు. 2018లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో అనురాగ్ అగర్వాల్, ఆయన తోటి పరిశోధకులు దాన్ని పట్టుకున్నారు. అగర్వాల్ ఒక స్నేహితుడి ఇంట్లో ఉండగా, పైకప్పు కారి బకెట్‌లో పడుతున్న చుక్కలు ఆయన్ని నిద్రపోనివ్వలేదట. తర్వాత చాలా వేగంగా చిత్రాలు తీసే కెమెరా, గాలిలో ఒక మైకు, నీటిలో ఒక మైకు పెట్టి చూశారు. బుడగ కంపిస్తూ తన పైనున్న నీటి ఉపరితలాన్ని కూడా కంపింపజేస్తోంది. స్పీకరు పొరలా ఆ ఉపరితలమే గాలిని కదిలిస్తోంది.

ఇది ఇంట్లోనే పరీక్షించవచ్చు. బకెట్ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలపండి. నీటి పైపొరలోని బిగువు, అంటే తలతన్యత, తగ్గుతుంది. బుడగ చిక్కుకోదు. చుక్కలు పడుతూనే ఉంటాయి, టప్ టప్ మాత్రం ఆగిపోతుంది. కుళాయి బాగుచేయించేదాకా ఈ ఉపాయం పనికొస్తుంది.

నీటి చప్పుళ్ళకు మన భాషలో ఎన్ని మాటలో చూడండి: గలగల, జలజల, బుడబుడ, సలసల. బుడబుడ అన్న మాటలో బుడగ కూడా వినిపిస్తుంది! గలగల పారే వాగులో వినిపించేదీ చాలావరకు బుడగల సవ్వడే. సూర్యుణ్ణి అధ్యయనం చేసిన మార్సెల్ మిన్నార్ట్ 1933లో బుడగ పరిమాణానికీ దాని స్వరానికీ ఉన్న లెక్క కట్టారు. బుడగలోని గాలి స్ప్రింగులాంటిది, చుట్టూ ఉన్న నీరు దానికి కట్టిన బరువు. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న బుడగ సెకనుకు 3,000 సార్లకు పైగా కంపిస్తుంది. దానికి పదింతలున్న బుడగ అందులో పదోవంతే. అందుకే చిన్న బుడగ కీచుమంటుంది, పెద్దది బొంగురుగా పలుకుతుంది.

పొయ్యి మీది నీళ్ళు మరగబోయే ముందు సుయ్‌మంటాయి, గమనించారా? అడుగున పుట్టిన ఆవిరి బుడగలు కాస్త పైకి లేచి, అక్కడి చల్లటి నీరు తగిలి చితికిపోయే చప్పుడది. నీళ్ళన్నీ బాగా కాగాక బుడగలు చితకకుండా పైదాకా వస్తాయి కాబట్టి ఆ మోత తగ్గుతుంది. వంటగదిలో తిరిగేవాళ్ళు చూడకుండానే ఈ మార్పు పట్టేస్తారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది సముద్రం మీది వాన. నడిసంద్రంలో వర్షమాపకాలు నిలబెట్టడం కష్టం. అయితే 1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే సన్న చినుకు పడిన ప్రతిసారీ దాదాపు ఒకే కొలత బుడగను నీటిలో వదులుతుంది. సెకనుకు 14,000 కంపనాలకు అటూఇటూగా సన్నటి ధ్వని వస్తుంది. పెద్ద చినుకుల మోత వేరుగా ఉంటుంది. అందుకని నీటి లోపల మైకులు వేలాడదీసి, పైన కురుస్తున్నది తుంపరో కుంభవృష్టో, ఎంత కురిసిందో, శాస్త్రవేత్తలు విని అంచనా వేస్తున్నారు.