పొద్దున వెలిగి, దారిలో ఆరిపోయే టైరు లైటు

[తెరపై: డ్యాష్‌బోర్డు దగ్గరగా. పసుపు రంగు గుర్తు వెలుగుతూ ఉంటుంది.]

నమస్కారం అండి. అడుగున పళ్లున్న గిన్నె లాంటి ఈ బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం: టైర్లో గాలి తగ్గిందని చెప్పే లైటు ఇది. డిసెంబరు, జనవరిలో నెల్లూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరితే వెలుగుతుంది. కావలి చేరేలోపు దానంతటదే ఆరిపోతుంది. "చలికి అట్లాగే వస్తుందిలే" అని వదిలేస్తాం. దయచేసి వదిలేయకండి. ఆ లైటు వెలగడానికి మన దగ్గర ఉండే చలి ఒక్కటే చాలదు.

లెక్క చూద్దాం. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే టైర్లో ప్రెషరు సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) పడిపోతుంది. అక్టోబరు ఎండలో, 35 డిగ్రీలప్పుడు, 33 కొట్టించారనుకోండి. జనవరిలో తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే గేజ్‌లో 30 చిల్లర చూపిస్తుంది. చాలా కార్లలో ఈ లైటు వెలగాలంటే కంపెనీ చెప్పిన ప్రెషరులో దాదాపు పావు వంతు తగ్గాలి. అంటే, కంపెనీ చెప్పింది 33 అయితే, 25 దగ్గరికి దిగాలి.

[తెరపై: 33 → 30 → 25]

చలి తీసుకుపోయింది 3. మిగతా 5 ఏమైంది?

బాగున్న టైర్లో కూడా నెలకు 1 పీఎస్ఐ దాకా మెల్లగా తగ్గుతుంది. మూడు నెలలు చూడకపోతే అక్కడే 3 పోయినట్టు. కొన్నిసార్లు సన్న మేకు దిగి ఉంటుంది, లేదా వాల్వ్ దగ్గర లీకుంటుంది. ఇంకోటి, మనమందరం చేసేదే: హైవే మీద గంటసేపు నడిపి, బంకులో ఆపి గాలి కొట్టించడం. వేడెక్కిన టైర్లో 33 చూపించినా, చల్లారాక అది 29, 28కి దిగొచ్చు.

మరి లైటు ఎందుకు ఆరిపోతుంది? బండి నడుస్తుంటే టైరు వేడెక్కి ప్రెషరు కాస్త పెరుగుతుంది, లైటు వెలిగే ఆ 25 గీత దాటుతుంది. పోయిన గాలి మాత్రం తిరిగి రాలేదు. గాలి తక్కువున్న టైరు పక్కలు ఎక్కువగా వంగి, ఇంకా వేడెక్కుతుంది. పైగా మనకు చలి మొదలయ్యేదే ఈశాన్య రుతుపవనాల వానలతో. తడి రోడ్డు మీద మెత్తబడిన టైరుకు పట్టు తగ్గుతుంది, బ్రేకు వేస్తే బండి ఆగాల్సిన చోట ఆగదు. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం తేలిగ్గా తీసుకోవద్దు.

[తెరపై: డ్రైవరు డోరు తెరిచి, పిల్లరు మీద స్టిక్కరు]

సరైన నంబరు ఇక్కడుంటుంది. ముందు, వెనక టైర్లకు వేర్వేరుగా ఉండొచ్చు, ఫుల్ లోడుకు ఇంకా ఎక్కువ ఉంటుంది. "అన్నా, నాలుగింటికీ 35 పెట్టు" అనకుండా ఇది చూసి చెప్పండి. టైరు పక్కన అచ్చుపోసిన నంబరు గరిష్ఠ పరిమితి, అది కాదు. గాలి చూసే ముందు బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. బంకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపుంటే పర్వాలేదు. వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి తీయించొద్దు.

గాలికి బదులు నైట్రోజన్ నింపిస్తే ప్రెషరు తగ్గదంటారు. చలికి అదీ ఇంతే తగ్గుతుంది. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే.

కొన్ని కార్లలో టైరు లోపల సెన్సర్ ఉండదు. ఏ చక్రం వేగంగా తిరుగుతుందో పోల్చి చెబుతాయి. నాలుగూ ఒకేసారి తగ్గితే అవి పసిగట్టలేకపోవచ్చు, కాబట్టి లైటు లేదని నిశ్చింతగా ఉండొద్దు. గాలి సరిచేశాక వీటికి రీసెట్ నొక్కాలి. ఇంజిన్ వేయగానే నిమిషం పాటు మినుకుమని, తర్వాత నిలకడగా వెలిగితే మాత్రం సిస్టమ్‌లోనే లోపం. మెకానిక్‌కి చూపించండి.

ఒకే టైరు మళ్లీ మళ్లీ తగ్గుతుంటే పంక్చర్ షాపులో సబ్బు నీళ్లు పోయించి బుడగలు చూడమనండి. గాలి కొట్టించేటప్పుడు స్టెప్నీ కూడా బయటికి తీయండి, మనం ఎప్పుడూ మర్చిపోయేది దాన్నే. శివరాత్రి దాటాక నాలుగూ మళ్లీ చూపించండి. చలిలో సరిపెట్టిన గాలి మన ఎండలకు 4, 5 పీఎస్ఐ పెరుగుతుంది.